ఇంకు పెన్ను కంపు కొడుతుంటే ఏది మేలు: అమోనియానా, బ్లీచా, వంటసోడానా, బొగ్గా?

వానలు ముదిరాయంటే మా పర్లాకిమిడిలో బీరువాలో బట్టలకీ, అటక మీద పుస్తకాలకీ ముక్కిన వాసన పట్టేస్తుంది. ఇంకు పెన్నుల్నీ ఆ తేమ వదిలిపెట్టదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు ఇది. రాతంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండూ గుండ్రటి లిపులే కాబట్టి మంచి పాళీ చేతికి అలవాటయ్యాక బాల్‌పెన్ను పట్టబుద్ధి కాదు. అలాంటి పెన్ను మూత తీయగానే గుప్పున కంపు కొడితే మనసు చివుక్కుమంటుంది.

ఎవరినడిగినా తలో మందు చెబుతారు. అమోనియా నీళ్లలో నానబెట్టమని ఒకరు, బ్లీచ్ చుక్క వేసి కడగమని ఇంకొకరు, వంటసోడా డబ్బాలో పెట్టి వారం మరిచిపొమ్మని ఒకరు, ఇస్త్రీ బొగ్గులు చాలంటూ మరొకరు. నాలుగూ పనికొచ్చేవే. కాకపోతే ఒకటి చేసే పని ఇంకోటి చెయ్యదు. కంపు ఇంకుదా, పెన్నులో పేరుకున్న మడ్డిదా, లేక పెన్నుని చేసిన పదార్థానిదా అన్నది తేల్చుకోకుండా ఏది వాడినా శ్రమ దండగ. ఒక్కోసారి పెన్నూ దండగవుతుంది.

తేల్చుకోవడం కష్టమేం కాదు. మొన్న మా మేనకోడలు పెన్ను పట్టుకొచ్చి, "మావయ్యా, ఎన్నిసార్లు కడిగినా ఇదే కంపు. పారేద్దునా?" అంది. "ఉండమ్మా, ముందు మూత ఇలా తే" అన్నాను. పెన్ను మొత్తం విప్పి పాత పేపరు మీద పరిచాం. ఇంకు పోసే గొట్టానికి ఏ వాసనా లేదు. పాళీ, దాని కింద ఇంకు మోసే ఫీడూ బాగానే ఉన్నాయి. మూత మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాం. దూది చుట్టిన పుల్ల తడిపి లోపల తిప్పితే ముందు నీలం వచ్చింది, ఆ తర్వాత బూడిదరంగు జిగురు అంటుకొచ్చింది. చాలా పెన్నుల మూతలో ఇంకో చిన్న మూత బిగించి ఉంటుంది. ఆ రెండింటి సందులోకి దిగిన ఇంకు ఏళ్ల తరబడి అక్కడే మగ్గుతుంది. పెన్ను కడిగేవాళ్లు పాళీ దగ్గరే ఆగిపోతారు, మూత జోలికి పోరు. మీ పెన్నునీ ఇలాగే విప్పి, భాగాలు వేటికవిగా వాసన చూడండి. ఇంకుబుడ్డిని కూడా విడిగా చూడండి.

ఇంకు కుళ్లితే: అమోనియా, బ్లీచ్

ఇంకులో నీళ్లూ రంగులే కాదు, బూజు పట్టకుండా ఆపే మందు కూడా కొంచెం కలుపుతారు. పాత రకం ఇంకుల్లో అది ఫినాల్. మూత తీస్తే పాతకాలపు ఆస్పత్రి వాసన వస్తుంది. అది దోషం కాదు, ఇంకుకి కాపలా. దాన్ని పోగొట్టాలని చూడకండి. ఈ మందు పలచబడినప్పుడే అసలు తంటా మొదలవుతుంది. ఇంకు తరిగిపోతోందని కుళాయి నీళ్లు కలపడం, పెన్నులో మిగిలిన ఇంకుని తిరిగి బుడ్డిలో పోయడం, చేతి చెమట అంటిన ఫిల్లర్ని అలాగే బుడ్డిలో ముంచడం, ఇవే బూజుని పిలిచి కూర్చోబెట్టే పనులు. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు గాలికి ఇది ఇంకా తొందరగా ముదురుతుంది.

బుడ్డిని వెలుతురుకి ఎదురుగా పెట్టి మెల్లగా వంచండి. పైన మీగడలా తెట్టె తేలినా, దారపు పోగుల్లాంటివి గోడకి అంటుకున్నా ఆ ఇంకు పని అయిపోయినట్టే. వడకట్టి వాడదామన్న ఆశ వద్దు. బూజు బీజాలు కంటికి కనబడవు, వడపోతకి ఆగవు. ఎంత ఇష్టమైన రంగైనా పారబోయాల్సిందే. ఆ బుడ్డిలో ముంచిన పెన్నుని శుభ్రం చేసేదాకా ఇంకో బుడ్డిలో ముంచకూడదు.

ఇప్పుడు పెన్ను సంగతి. ముందు మామూలు నీళ్లతో రంగు పోయేదాకా కడగాలి. దాంతోనే సగం కంపు పోతుంది. మిగిలినదానికి అమోనియా మంచిది. ఇంట్లో వాడే రకం పలచటి అమోనియా ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. పాళీ, ఫీడ్ ఉన్న ముందు భాగాన్ని అందులో కాసేపు నానబెట్టి, బాగా ఝాడించి, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. ఎండి గట్టిపడ్డ ఇంకుని అమోనియా కరిగించినట్టు వట్టి నీళ్లు కరిగించలేవు. కంపుకి ఇల్లు ఆ మడ్డే కాబట్టి, మడ్డి కదిలితే కంపూ పోతుంది. ప్రయోగశాలలకి అమ్మే అమోనియా చాలా ఘాటు. అది దొరికితే ఇంకా ఎన్నో రెట్లు పలచన చెయ్యాలి, కిటికీలు తెరిచిపెట్టుకోవాలి. అద్దాలు తుడిచే స్ప్రేలో అమోనియా ఉందని దాన్నే వాడేవాళ్లున్నారు. అందులో రంగు, సెంటు, వేరే ద్రావకాలు కూడా ఉంటాయి. పెన్నుకి అది వద్దు.

అమోనియాకీ పరిమితులున్నాయి. ఇత్తడి భాగాలున్న పెన్నుకి పడదు. ఐరన్ గాల్ అనే పాత రకం నీలి నలుపు ఇంకు పేరుకుపోయి ఉంటే అమోనియా దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. అక్కడ బాగా పలచన చేసిన తెల్ల వెనిగర్ నయం.

మరి బ్లీచ్? బూజుని చంపడంలో దానిదే పైచెయ్యి, కాదనను. ఫీడ్ గాడుల్లో తెల్లటి బూజు కళ్లకి కనిపిస్తుంటే అమోనియా ఒక్కటే చాలకపోవచ్చు. అప్పుడు పాళీ తీసేసి, ప్లాస్టిక్ భాగాల్ని మాత్రమే, పదో వంతుకి మించని బ్లీచ్ నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి తీసెయ్యాలి. పాళీని తియ్యకుండా ఉంచితే స్టీలు మీద గుంటలు పడతాయి. ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు), పాత పెన్నుల్లో ఇంకు నిలిచే రబ్బరు సంచి, లోహపు పూత, వీటికి బ్లీచ్ తగలనివ్వకూడదు. మునిసిపాలిటీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరు కలిపి వాడదామనుకోకండి, దాని సున్నపు మడ్డి ఫీడ్ సందుల్లో ఇరుక్కుంటే తియ్యడం మన తరం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: అమోనియానీ బ్లీచ్‌నీ ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. ఒకటి వాడాక రెండోది వాడాల్సి వస్తే మధ్యలో మంచినీళ్లతో పూర్తిగా కడిగి తీరాలి. పిల్లలున్న ఇంట్లో బ్లీచ్ పద్ధతి అసలే వద్దంటాను.

ఈ రెండింట్లో నా ఓటు అమోనియాకే. నూటికి తొంభై పెన్నులకి అది చాలు, పెన్నుకి హాని తక్కువ. ఏది వాడినా కడిగాక ఆరబెట్టడం మాత్రం మరిచిపోకూడదు. పాళీని టిష్యూ కాగితం మీద బోర్లించి, ఫ్యాన్ గాలికి రాత్రంతా వదిలెయ్యాలి. తడి ఉండగానే మూత బిగిస్తే పడ్డ కష్టమంతా వృథా.

పెన్ను పదార్థమే వాసనేస్తే: వంటసోడా, బొగ్గు

ఇంకు పొయ్యకముందే, కొత్త పెన్ను పెట్టె తెరవగానే వాసన వచ్చిందంటే అది పదార్థం వాసన. దీనికి అమోనియా దండగ. కడిగితే పైపైన పోతుంది, తెల్లారేసరికి లోపల్నుంచి మళ్లీ ఊరుతుంది. ఇక్కడ గాలీ, ఓపికా, వాసన పీల్చే పదార్థమూ కావాలి.

మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించేది ఎబొనైట్. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నులు ఈ పదార్థంతోనే పేరు తెచ్చుకున్నాయి. 1935లో గాంధీజీ ఆ పెన్ను వాడి చూసి మెచ్చుకుంటూ రత్నంగారికి ఉత్తరం రాశారు. రబ్బరులో గంధకం దండిగా కలిపి ఉడికిస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. చేత్తో రుద్దితే గంధకం, కాలిన రబ్బరు కలిసినట్టు వాసన రావడం దాని స్వభావం. వాడేకొద్దీ తగ్గుతుంది. ఆ వాసన పోగొట్టాలని వేడినీళ్లలో వేస్తే నల్లటి పెన్ను పసరు రంగుకి తిరుగుతుంది. ఎండలో పెట్టినా అంతే. నీడలో, మూత తీసి, గాలి తగిలేలా ఉంచడమే దానికి మందు. నాకైతే ఆ వాసనంటే ఇష్టం కూడా.

ఇబ్బంది పెట్టేది వేరే రకం. మొక్కల పీచులో ఉండే సెల్యులోజ్ నుంచి తయారయ్యే కొన్ని పెన్నులు, ముఖ్యంగా వెజిటల్ రెజిన్ పేరుతో వచ్చేవి, పులిసిన కంపు కొడతాయి. కొందరు ఆ కంపు భరించలేక కొన్న వారానికే పెన్ను పక్కన పడేస్తారు. ఈ పుల్లటి వాసన ఆమ్లాలది. వంటసోడా క్షారం కాబట్టి ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఒక డబ్బాలో చిన్న గిన్నె నిండా వంటసోడా పోసి, పక్కన విప్పిన పెన్ను భాగాలు పెట్టి మూత వెయ్యండి. సోడా పెన్నుకి తగలక్కర్లేదు. నీళ్లలో కలిపి లోపల పోస్తే ఎండాక తెల్లటి పలుకులు ఫీడ్‌లో మిగిలిపోతాయి. రోజూ కాసేపు డబ్బా తెరిచి గాలి తగలనివ్వాలి, సోడా అప్పుడప్పుడూ మార్చాలి. వారాలు పట్టొచ్చు.

బొగ్గు ఏ రకం వాసననైనా, పుల్లటిదైనా ముక్కినదైనా, తన రంధ్రాల్లోకి లాక్కుంటుంది. ఇస్త్రీ బండివాడి దగ్గర నాలుగు ముక్కలు అడిగితే ఊరికే ఇస్తాడు. పెనం మీద కాస్త వేడిచేసి తేమ పోగొట్టి, చల్లారాక గుడ్డలో మూటగట్టి పెట్టాలి. మూట కట్టకపోతే మసి పాళీ సందుల్లో చేరుతుంది. చేపల తొట్టెల సామాను అమ్మే కొట్లో దొరికే యాక్టివేటెడ్ బొగ్గు ఇంతకంటే బాగా పనిచేస్తుంది, ధర కాస్త ఎక్కువే. పుల్లటి కంపుకి వంటసోడా మేలు, ముక్కిన వాసనకి బొగ్గు మేలు. వానాకాలంలో పెన్నుల డబ్బాలో ఎప్పుడూ ఉంచడానికి ఏది అంటే కూడా బొగ్గే. తేమలో వంటసోడా గడ్డకడుతుంది.

కర్పూరం, అత్తరు, కలరా ఉండలు పనికిరావు. అవి కంపుని కప్పుతాయి తప్ప తియ్యవు. పైగా కలరా ఉండల ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. తాతగారి ట్రంకు పెట్టెలోంచి తీసిన పెన్నుకి ఆ ఉండల వాసన పట్టి ఉంటే నీడలో గాలికి ఉంచండి, పక్కన బొగ్గు మూట పెట్టండి. ఇంకులో డెటాల్ చుక్క వేస్తే బూజు రాదని కొందరంటారు. నీళ్లలో అది పాలలా విరుగుతుంది, ఇంకు పారడం పాడవుతుంది. శానిటైజర్, స్పిరిట్ లాంటివి తగిలితే యాక్రిలిక్ పెన్ను బీటలు వారుతుంది.

పాత పెన్ను లోపల రబ్బరు సంచి జిగురై వాసనేస్తుంటే కడగడం మానేసి సంచి మార్పించండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పెన్ను కమ్మటి కర్పూరపు వాసనేస్తే నిశ్చింతగా వాడుకోవచ్చు, అది చేసేటప్పుడు కలిపిన కర్పూరమే. అదే పెన్ను ముక్కు మండే ఘాటు వాసనేస్తే మాత్రం పదార్థం విచ్చుకుపోతోందని అర్థం. ఈ నాలుగు మందుల్లో ఏదీ దాన్ని వెనక్కి తిప్పదు. దాన్నుంచి వచ్చే ఆవిరి పక్క పెన్నుల క్లిప్పుల్నీ పాళీల్నీ తినేస్తుంది. మిగతా పెన్నుల నుంచి విడదీసి, గాలి ఆడే అట్టపెట్టెలో, పొయ్యికీ దీపానికీ దూరంగా పెట్టండి. సెల్యులాయిడ్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది.