కళ్ల కింద ఫిల్లర్: రెండున్నరేళ్ల తర్వాత చెబుతున్నా

"వదినా, కాటుక కారింది చూడు" అంది మా ఆడపడుచు, పెళ్లి భోజనాల దగ్గర. ఆ రోజు నేను కాటుకే పెట్టుకోలేదు.

నాకు నలభై రెండేళ్లు. కళ్ల కింద గుంటలు మా నాన్నగారి పోలిక. నిద్రపోయినా పోకపోయినా "ఒంట్లో బాలేదా?" అని అడిగేవాళ్లు. విసిగిపోయి హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో హైల్యురానిక్ యాసిడ్ ఫిల్లర్, అంటే గుంటలు పూడ్చడానికి చర్మం కింద సూదితో ఎక్కించే జెల్, వేయించుకున్నాను. ఒక ఎం.ఎల్. సిరంజి, కంటికి సగం. ముప్ఫై వేలు దాటింది. ఎడమవైపు కమిలింది కానీ ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులు మారి పదో రోజుకి పోయింది. ఆ తర్వాత రెండు నెలలు నిజంగా బాగుంది, అబద్ధం చెప్పను.

మూడో నెలలో ముక్కు పక్కన, కంటి లోపలి మూల కింద, గోరంత మేర బూడిద నీలం. ఇంట్లో పసుపు బల్బు కింద కనిపించదు. కిటికీ పక్కన నిలబడితే, ఆఫీసు లిఫ్టులో అయితే, స్పష్టంగా తెలిసేది. కన్సీలర్ రాస్తే పైన తెల్లగా, కింద మళ్లీ అదే నీడ. క్లినిక్‌లో ముందు "కమిలినదే, పోతుంది" అన్నారు. పోకపోతే డార్క్ సర్కిల్స్ అని విటమిన్ సి సీరం, పీల్ (చర్మం పైపొర ఊడదీసే పూత) అంటగట్టారు. ఎనిమిది నెలలు! సైడ్ ఎఫెక్ట్ ఎవరికైనా రావచ్చు, దానికి కోపం లేదు. ఆ సీరంకే నాకు కోపం.

ఇంకో డాక్టరమ్మ చర్మాన్ని వేళ్లతో సాగదీసి, టార్చి వేసి చూసి, "ఇది మెలనిన్, అంటే చర్మపు రంగు కాదమ్మా, మీకు వేసిన జెల్" అంది. దీన్ని టిండాల్ ఎఫెక్ట్ అంటారట, పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్త జాన్ టిండాల్ పేరు మీద. జెల్‌కి రంగేమీ ఉండదు. కానీ అది చర్మానికి మరీ పైపైన చేరితే, లోపలికి వెళ్లిన వెలుతురులో నీలం ఎక్కువగా చెదిరి వెనక్కి వస్తుంది. కంటి కింద చర్మం మందం దాదాపు అర మిల్లీమీటరే, దాచేంత మందం ఎక్కడిది? పైగా చామనఛాయ మీద అది నీలంగా కాక పలక రంగులో కనిపిస్తుంది, అందుకే నల్లటి వలయాలని పొరబడతారు. క్రీములతో పోదు. ఏడాదిలో కరుగుతుందన్నది నాకు రెండేళ్లకీ అక్కడే ఉంది. ఆవకాయ తిన్న మర్నాడు ఉబ్బు అదనం, ఈ జెల్ నీటిని పట్టుకుంటుంది కదా.

ఒక్కటి మాత్రం వేరు. సూది వేసిన వెంటనే గానీ, కొన్ని గంటల్లో గానీ చర్మం తెల్లగా పాలిపోయి, తర్వాత వల అల్లినట్టు ఊదా మచ్చలు, నొప్పి వస్తే అది రక్తనాళం మూసుకుపోవడం. చూపు మసకబారినా అంతే. తెల్లారేదాకా ఆగకూడదు, అప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నాది తీయించుకోవడం తేలికే. హైల్యురానిడేస్ అనే ఎంజైమ్ సూదితో వేస్తే ఆ జెల్ కరిగిపోతుంది, శుక్లాల ఆపరేషన్లో మత్తుమందుతో కలిపి వాడేది కూడా ఇదే. ముందు "తేనెటీగ కుడితే మీకు ఎలర్జీ వస్తుందా?" అని అడిగారు, నవ్వొచ్చింది. తేనెటీగ విషంలోనూ ఈ ఎంజైమే ఉంటుందని తర్వాత తెలిసి నవ్వు ఆగింది. ముంజేతి మీద టెస్ట్ డోసు వేసి చూశాకే మొదలుపెట్టారు. ఫిల్లర్ కంటే ఎక్కువ మంటపుట్టింది. రాత్రంతా కళ్లు బూరెల్లా ఉబ్బాయి. మూడో రోజుకి కుడివైపు నీలం లేదు. ఎడమవైపుకి రెండు వారాల తర్వాత ఇంకో డోసు పట్టింది. సూది గుచ్చిన చోట చిన్న గోధుమ రంగు చుక్క నాలుగు నెలలు ఉండి, సన్‌స్క్రీన్ రాస్తూ ఉంటే వెలిసింది.

గుంటలు మళ్లీ వచ్చాయి, నాన్నగారివే. కాన్యులాతో (మొన మొద్దుగా ఉండే సన్నని గొట్టంతో) లోతుగా, ఇంకా తక్కువ వేస్తే ఫలితం బాగుంటుందని ఆ డాక్టరమ్మ అంటోంది. కుడివైపు గురించి ఇంకా ఆలోచిస్తున్నా. ఎడమవైపు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను.