పదహారు ఇళ్ళు, ఒక పెద్ద వంటిల్లు: ఆరేళ్ళు ఉన్నాక

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఇరవై రెండేళ్ళున్న ఇల్లు అమ్మేసి, అమరావతి రోడ్డు వైపు పదహారు కుటుంబాలం కలిసి కట్టుకున్న ఇళ్ళలోకి మేం వచ్చింది 2019 జూన్‌లో. గృహప్రవేశం రోజు మా తోడికోడలు అంది: "ఉమ్మడి కాపురంలోంచి బయటపడ్డానికి పదేళ్ళు ఏడ్చావు, ఇప్పుడు డబ్బులిచ్చి మరీ దూరుతున్నావా అక్కా?"

ఇది ఉమ్మడి కాపురం కాదు. ఎవరి ఇల్లు వారి పేరు మీదే ఉంది, ఎవరి వంటగది వారికుంది. అందరిదీ అయినవి ఒక పెద్ద హాలు, దాన్ని ఆనుకుని వంటిల్లు, చుట్టాలకి రెండు గదులు, బోరు, పెరడు. కోహౌసింగ్ అంటారు దీన్ని. 1972లో డెన్మార్క్‌లో సెట్టెడామెన్ అనే చోట మొదలైన పద్ధతి. గుంటూరు వచ్చేసరికి దానికి గోంగూర, వాటర్ ట్యాంకరు తోడయ్యాయి.

నేను ట్రెజరీలో చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఇక్కడి లెక్కలు నా నెత్తిన పడ్డాయి. నాలుగేళ్ళు చూశాను. అందుకని గాలీ వెలుతురూ పిట్టల సంగతి వేరేవాళ్ళు రాస్తారు, నేను డబ్బు సంగతే రాస్తాను.

కట్టేముందు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. బ్యాంకు మీ ఇంటికి లోనిస్తుంది, హాలుకి ఇవ్వదు. అది ఎవరి పేరు మీదా లేదుగా. హాలు, వంటిల్లు, చుట్టాల గదులకి ఇంటికి ఐదున్నర లక్షలు రొక్కం పెట్టాల్సొచ్చింది. అది తెలిశాక రెండు కుటుంబాలు తప్పుకున్నాయి. వాళ్ళ స్థానంలో ఇంకో రెండు దొరికేదాకా ఎనిమిది నెలలు పునాదుల మీద తుమ్మ మొక్కలు మొలిచాయి.

రెండో తప్పు నాదే. ఇంటికి రెండు లక్షల చొప్పున ముప్పై రెండు లక్షలు కార్పస్ ఫండ్, అంటే మా ఇళ్ళ సంఘానికి మూలనిధి, వసూలు చేశాం. సంఘం రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. డబ్బు ఖాళీగా ఉండటం దేనికని నా పేరు, మూడో ఇంటి మాస్టారి పేరు కలిపి ఎఫ్‌డీ వేశాం. మొదటి పేరు నాది. మరుసటేడు జులైలో రిటర్ను వేద్దామని 26ఏఎస్ (మన పాన్ మీద కోసిన పన్ను చూపే పత్రం) తీస్తే మొత్తం వడ్డీ నా ఆదాయంలో కూర్చుంది! ముప్పై ఏళ్ళు ఊరందరి బిల్లుల్లో తప్పులు పట్టినదాన్ని, నాకే తట్టలేదు. ఆ ఏడాది పన్ను సంఘం నాకు తిరిగిచ్చింది కానీ, ఆ తీర్మానం రాసేటప్పుడు మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించి, సంఘం పేరున పాన్ తీసి, ఖాతా తెరిచాం. ఈ పని శంకుస్థాపన కన్నా ముందు చేసుకోండి. సభ్యులు తమలో తాము వేసుకున్న చందా మీద ఆదాయపు పన్ను పడదు గానీ, దాన్ని బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీ మీద పడుతుంది. బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చేసింది. జీఎస్టీ గొడవ మాకు లేదు. నెలకి సభ్యుడి మెయింటెనెన్స్ 7,500, సంఘం ఏడాది వసూళ్ళు 20 లక్షలు, రెండూ దాటితేనే కదా. మాది ఇంటికి 4,500.

ఇక నీళ్ళు. మొదటి రెండేళ్ళు బోరు కరెంటు, ట్యాంకర్లు అన్నీ కలిపి పదహారో వంతు కట్టేవాళ్ళం. రోహిణి కార్తె వచ్చేసరికి రోళ్ళ సంగతేమో గానీ మా స్నేహాలు పగిలేవి. ఇద్దరున్న ఇల్లూ, ఆరుగురున్న ఇల్లూ ఒకే మొత్తం కడుతుంటే ఎవరు ఊరుకుంటారు? పదకొండో ఇంటావిడ రోజూ వాకిలి కడుగుతుందని మీటింగులో గట్టిగా లేవనెత్తింది నేనే. చివరికి ఇంటింటికీ నీళ్ళ మీటరు బిగించాం. మొదటి నెల రీడింగు పలకమీద రాయడానికి వాచ్‌మన్‌తో పాటు నేనే వెళ్ళాను. అందరికన్నా ఎక్కువ తిరిగిన మీటరు మాది. మా వెనక బాత్రూంలో ఫ్లష్ ట్యాంకులో వాషరు అరిగి రాత్రీ పగలూ సన్నగా కారుతోంది, శబ్దం కూడా లేదు. పదకొండో ఇల్లు కింద నుంచి నాలుగోది. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు వాకిలి మాత్రం కాస్త ఎక్కువసేపు కడిగింది.

మీటరు పెట్టాక నీళ్ళ తగువు మళ్ళీ రాలేదు. దాంతో మాకు మదం ఎక్కింది. అన్నిటికీ మీటరు పెట్టేద్దాం అనుకున్నాం. భోజనాల దగ్గర బోల్తా పడ్డాం.

మధ్యాహ్నం భోజనం ఆదివారం తప్ప రోజూ హాల్లో ఉంటుంది. మొదట్లో మనిషికి నెలకి 2,000 చొప్పున కట్టేవాళ్ళం, తిన్నా తినకపోయినా. పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్ళేవాళ్ళు, ఏకాదశులు ఉండేవాళ్ళు, సగం రోజులు క్యాంపుల్లో ఉండేవాళ్ళు సణిగారు. న్యాయమే. సరే, టోకెన్ పెడదాం, ప్లేటుకి ఎనభై, తింటేనే ఇవ్వండి అన్నాం. పాతికమంది తినే బల్ల దగ్గర రెండు నెలల్లో పదమూడు మంది మిగిలారు. "ఇవాళ దోసకాయ పప్పే కదా, ఇంట్లో చారు పెట్టుకుందాంలే" అనిపిస్తుంది మరి, ఎనభై కళ్ళ ముందు కనపడితే. నాకూ అనిపించింది.

కానీ వంటమనిషికీ సాయం చేసే అమ్మాయికీ ఇచ్చే 24,000 జీతం తినేవాళ్ళని బట్టి తగ్గదు. నెలకి ఇరవై ఆరు రోజులు, పదమూడు ప్లేట్లు, 338. జీతమే ప్లేటుకి 71 పడుతోంది, సరుకులు 45. కూడితే 116. పెళ్ళి చదివింపుల్లా నూట పదహార్లు! నేను ఆ అంకె బోర్డు మీద రాసిన రోజు ఇంకో ముగ్గురు మానేశారు.

అప్పుడు మాస్టారు కరెంటు బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఫిక్స్‌డ్ చార్జీ వేరు, యూనిట్ల చార్జీ వేరు, చూడమ్మా అన్నారు. నాలుగేళ్ళుగా ఆ బిల్లు కడుతున్నది నేను, చూసింది ఆయన. ఇప్పుడు జీతాలకి ఇంటికి 1,500, తిన్నా తినకపోయినా. ఊళ్ళో లేకపోయినా సరే. ప్లేటుకి 45, అందులో బియ్యం, కూరలు, గ్యాసు. రేపు తినేవాళ్ళు రాత్రి తొమ్మిదిలోపు బోర్డు మీద తమ ఇంటి నంబరు ఎదురుగా గీతలు పెట్టాలి. 45కి ఇంట్లో చారు కూడా రాదు కాబట్టి జనం తిరిగొచ్చారు. మళ్ళీ ఇరవై మూడు, ఇరవై నాలుగు ప్లేట్లు లేస్తున్నాయి.

గ్యాసు సంగతి: ఉమ్మడి వంటింటికి 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి. తలా ఒక ఇంటి సిలిండరు తెచ్చి వాడుకుందాం అనే తెలివితేటలు మొదట్లో మాకూ వచ్చాయి. మానేశాం.

ఆవకాయకి ఇప్పటికీ సూత్రం దొరకలేదు. ఏటా మిర్చి కొత్తపంట వచ్చాక కాయలు ఒకేసారి కొని, తొడిమలు తీసి, కారం పట్టిస్తాం. కాయల ఖర్చు తలా వాటా, దానికి తగువు లేదు. వెల్లుల్లి దగ్గర వస్తుంది. రెండు జాడీలు పెడితే వెల్లుల్లి లేని జాడీ సంక్రాంతి దాకా ఉంటుంది, ఉన్నది దసరాకే అడుగంటుతుంది. డబ్బు సమానం ఎలా అవుతుందని ఒకాయన ఏటా అడుగుతారు. ఏటా ఆయన ప్లేటులో వెల్లుల్లి ఆవకాయే ఉంటుంది.

సోలారు బాగా పనికొచ్చింది. హాలు మీద పది కిలోవాట్లు పెట్టాం. పీఎం సూర్యఘర్ కింద నివాస సంఘాల ఉమ్మడి వాడకానికి కిలోవాటుకి 18,000 సబ్సిడీ. బోరు, వీధి దీపాలు, హాలు అన్నీ దాని మీదే. మరమ్మతు నిధి మాత్రం మొదటి నుంచీ వేరుగా తీసి ఉంచాల్సింది, ఉంచలేదు. నాలుగో ఏడు బోరు మోటారు కాలడం, మురుగు లైను కుంగడం, రంగులు ఒకేసారి వచ్చిపడి ఇంటికి 28,000 అదనంగా వసూలు చేస్తే రెండు ఇళ్ళవాళ్ళు నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు 4,500లో 900 దానికే పోతుంది, ముట్టుకోవడానికి మూడింట రెండొంతుల మంది సంతకం కావాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా నాలుగు ఇళ్ళవాళ్ళ చుట్టాలు కట్టుబట్టలతో వచ్చారు. పంతొమ్మిది మంది, పది రోజులు. చుట్టాల గది రోజుకి 300, అతిథి ప్లేటు 90 అని మా రూల్సు గోడ మీదే అంటించి ఉన్నాయి. ఎవరూ ఆ గోడ వైపు చూడలేదు. నేను మాత్రం పద్దు రాయాలిగా. "బుడమేరు" అని ఒక హెడ్డు తెరిచి, బియ్యం, పాలు, దుప్పట్లు, గ్యాసు అన్నీ అందులో వేసి, మొత్తాన్ని పదహారుతో భాగించాను. ఏడాది చివర ఆడిటరు గారు, ఈ బుడమేరు ఎవరండీ, సప్లయరా అని అడిగారు.

అమ్ముకోవడం కష్టం. ఇది దాచకూడదు. నిరుడు ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. మా ఒప్పందం ప్రకారం అరవై రోజులు ముందు మాకే చెప్పాలి, చెప్పారు. కొనేంత డబ్బు మా దగ్గర లేదు. బయట నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ గజాలు లెక్కేసి, హాలుకి, వంటింటికి సున్నా కట్టారు. చివరికి ఎవరో కొన్నారు కానీ హాలుకి పెట్టిన ఐదున్నర లక్షల్లో పావు వంతు కూడా వెనక్కి రాలేదు. ఇది ఉండటానికి కట్టుకునే ఇల్లు, పెట్టుబడి అనుకుంటే రావద్దు. ప్రతి రెండో ఆదివారం రెండు గంటల మీటింగు కూర్చోలేనివాళ్ళు కూడా వద్దు.

మా తోడికోడలు పోయిన నెల వచ్చి నాలుగు రోజులుంది. వెళ్ళేటప్పుడు ఖాళీ ఏమైనా ఉందా అని అడిగింది. లేదు.

చూడ్డానికి వస్తామని చాలామంది ఫోన్ చేస్తుంటారు. ఆదివారం రాకండి, ఆ రోజు వంట లేదు, మనుషులు కూడా బాగా నవ్వుతారు. మంగళవారమో బుధవారమో పన్నెండున్నరకి రండి. ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు చెప్తే మీ పేరున గీత పెడతాను, అతిథి ప్లేటు 90. చెప్పకుండా వస్తే మా ఇంట్లో చారన్నం.