విత్తనానికి ఏది మేలు: టమాటానా, ఖర్బూజానా?

పెరట్లో పండిన కాయను రుచి చూసి, బాగుందనుకున్న దాని గింజలనే మరుసటి ఏటికి దాచుకోవాలన్నది విత్తనం సేకరించే ప్రతివారి కోరిక. టమాటాలోనూ ఖర్బూజాలోనూ ఈ పని ఒకే తీరున సాగుతుందని మొదట్లో అనిపిస్తుంది. రెండింటిలోనూ పండు తినడానికి వచ్చేసరికి గింజ కూడా పక్వమవుతుంది కనుక, బెండ, కీరా వంటి వాటిలో మాదిరిగా లేత కాయను తినడం మానుకొని విత్తనం కోసం ముదరనివ్వవలసిన పని లేదు. అయితే రుచి చూడడం, విత్తనానికి ఏది ఉంచాలో నిర్ణయించడం అనే రెండు పనుల వరుస మాత్రం వీటిలో తారుమారవుతుంది. టమాటాను ముందు తిని తర్వాత నిర్ణయించవచ్చు. ఖర్బూజా విషయంలో పువ్వు విచ్చక ముందే నిర్ణయించుకొని, నెల దాటిన తర్వాత తినవలసి వస్తుంది. ఏది మేలన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

టమాటా పువ్వులో పుప్పొడి ఉండే పరాగకోశాలన్నీ ఒక గొట్టంలా కలిసి, పువ్వు నడుమ ఉండే ఆడ కాడను, అంటే కీలాన్ని, చుట్టుకొని ఉంటాయి. నేటి రకాల్లో చాలావాటికి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కీలపు కొన, ఆ గొట్టం లోపలే ఉండిపోవడం వల్ల, గాలికి పువ్వు ఊగినా, తుమ్మెదల ప్రకంపనకు అదిరినా పుప్పొడి ఆ పువ్వులోనే రాలి పడుతుంది. కాబట్టి పక్కపక్కనే నాలుగు రకాలు నాటినా, గింజల్లో అత్యధికం తల్లి రకాన్నే పోలి వస్తాయి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. బంగాళదుంప ఆకును పోలిన ఆకులుండే పాత రకాలు కొన్నింటిలో కీలాగ్రం గొట్టం దాటి బయటికి వస్తుంది. పెద్ద కాయల రకాల్లో తొలి పూలు రెండు మూడు అతుక్కుపోయి ఒకే వెడల్పాటి పువ్వుగా విచ్చుకోవడం, దాని నుంచి వంకరటింకర కాయ రావడం చాలామంది చూసే ఉంటారు. అలాంటి కాయను ఇష్టంగా తినవచ్చు కానీ, వేరే రకం పుప్పొడి కలిసి ఉండే వీలుంది కనుక విత్తనానికి ఉంచకూడదు. ఈ కొద్ది జాగ్రత్త చాలదనుకునేవారు పూగుత్తికి పలుచని గుడ్డసంచి తొడిగి, పిందె పడ్డాక తీసివేస్తే సరిపోతుంది.

ఖర్బూజా స్వభావం వేరు. ఒకే తీగపై మగపూలు విడిగా, ఆడ, మగ భాగాలు రెండూ ఉండే ద్విలింగ పూలు విడిగా పూస్తాయి. ద్విలింగ పువ్వులో పుప్పొడి ఉన్నప్పటికీ అది జిగటగా ఉండి తనంతట తాను కీలాగ్రంపై పడదు కనుక, తేనెటీగ వంటి పురుగేదో రావలసిందే. ఆ తేనెటీగ అంతకుముందు ఏ పువ్వు మీద వాలిందో మనకు తెలియదు. కూరకు వాడే పసుపు దోస కూడా వృక్షశాస్త్రం ప్రకారం ఖర్బూజా జాతిదే కాబట్టి రెండూ సులభంగా సంకరమవుతాయి. కీరా, పుచ్చకాయ వేరే జాతులు కావడం వల్ల వాటితో ఆ భయం లేదు. కీరా పక్కన నాటితే ఖర్బూజా చప్పబడుతుందన్న మాట తరచుగా వినిపిస్తుంది, కానీ అందులో నిజం లేదు. ఒకవేళ పసుపు దోస పుప్పొడే పడినా ఈ ఏటి పండు రుచి మారదు, ఎందుకంటే మనం తినే గుజ్జు పూర్తిగా తల్లి మొక్కదే. సంకరం గింజలోని పిండంలో మాత్రమే దాగి ఉండి, మరుసటి ఏడాది తీగ కాసినప్పుడు గానీ బయటపడదు. పండు తిని చూసి గింజ శుద్ధమైనదో కాదో చెప్పలేకపోవడానికి కారణమిదే.

ఆ శుద్ధిని కాపాడుకోవాలంటే రెండే మార్గాలు. మొదటిది, చుట్టుపక్కల అర కిలోమీటరు మేర ఆ జాతికి చెందిన మరో రకం లేకుండా చూసుకోవడం. ఇరుగుపొరుగు పెరళ్లలో ఏముందో మనకు తెలియదు కనుక ఇది చాలామందికి సాధ్యపడదు. రెండవది, చేతితో పరాగ సంపర్కం చేయడం. మరునాడు విచ్చబోయే మొగ్గలు సాయంత్రానికి కొద్దిగా పసుపు తిరుగుతాయి. అడుగున చిన్న పిందె ఉన్న ద్విలింగ మొగ్గను ఒకదాన్ని, అదే రకానికి చెందిన మగమొగ్గలను రెండింటిని ఎంచుకొని, రేకులు విడిపోకుండా సన్నని దారంతో కట్టాలి. తెల్లవారగానే మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని పిందె ఉన్న పువ్వు కీలాగ్రానికి మృదువుగా అద్ది, ఆ పువ్వును మళ్లీ మూసి కట్టి, తొడిమకు రంగుదారం గుర్తుగా చుట్టాలి. వినడానికి సులువుగా ఉన్నా, గుమ్మడి పువ్వంత పెద్దదైతే చేతికి అందుతుంది గానీ ఖర్బూజా పువ్వు చాలా చిన్నది. అద్దిన పూలలో సగానికి మించి రాలిపోయినా నిరాశ పడకూడదు. తీగపై అప్పటికే పిందెలు ఎదుగుతూ ఉంటే కొత్తవాటిని అది నిలుపుకోదు కాబట్టి, గుర్తు లేని తొలి పిందెలను మనసు రాయి చేసుకొని తుంచివేయడం మేలు.

రుచి విషయానికి వస్తే తూకం కొంత ఖర్బూజా వైపు మొగ్గుతుంది, కాకపోతే దాని రుచిని నమ్మి విత్తనం ఎంచుకోవడం కష్టం. రసంలోని తీపిని అంచనా వేసే బ్రిక్స్ కొలతలో సాధారణ టమాటా 4 నుంచి 6 వరకు, తియ్యని చిన్న టమాటాలు 8 వరకు చూపితే, మంచి ఖర్బూజా 10 దాటుతుంది. ఖర్బూజాలో పిండిపదార్థపు నిల్వ ఉండదు. అందువల్ల కోసిన తర్వాత అది మెత్తబడి సువాసన పెంచుకుంటుందే తప్ప తీపి పెరగదు. వలగీతలున్న రకాల్లో తొడిమ దగ్గర చీలిక ఏర్పడి పండు తేలికగా ఊడివచ్చే వరకు ఆగడం ఇందుకే. టమాటా రంగు తిరగడం మొదలైన దశలో కోసినా ఇంట్లో చక్కగా పండుతుంది, అయితే 12 డిగ్రీల కంటే చల్లని చోట ఉంచితే సువాసన తగ్గిపోతుంది. చివరి వారాల్లో నీరు ఎక్కువైతే రెండూ చప్పబడతాయి. అలాంటి చప్పదనాన్ని రకం లోపమని భావించి మంచి మొక్కను వదులుకోవడం నేను చేసిన పొరపాట్లలో ఒకటి. ఒకే మొక్కకు కాసిన టమాటాలన్నీ విత్తనం దృష్టిలో దాదాపు సమానమే కనుక, ఒక్క కాయ రుచికి మురిసిపోకుండా, కోతలన్నింటిలోనూ మెప్పించిన మొక్కను ఎంచుకోవాలి. ఖర్బూజా తీగ నాలుగైదు పండ్లకు మించి ఇవ్వడం అరుదు. అందులో గుర్తుదారం ఉన్నది ఒకటో రెండో. ఆ ఒక్కదాని రుచి నచ్చకపోతే ఆ ఏటి శ్రమ వృథా అవుతుంది కాబట్టి, మూడు నాలుగు తీగలపై ఒక్కో పువ్వు చొప్పున కట్టి, తిన్న తర్వాత నచ్చనివాటి గింజలను పారవేయడమే దీనికి విరుగుడు.

రెండు రకాలను కలిపి పుట్టించిన హైబ్రిడ్ కాయ ఎంత రుచిగా ఉన్నా, దాని గింజల నుంచి వచ్చే మొక్కలు ఒకదానికొకటి పోలవు. ఇది రెండు పంటలకూ వర్తిస్తుంది. టమాటాలో మాత్రం దీన్ని ఓపికతో సరిదిద్దవచ్చు. స్వపరాగ సంపర్కం జరిగిన ప్రతి తరంలోనూ జన్యువుల మిశ్రమం సగానికి తగ్గుతూ, ఆరేడు తరాల్లో రకం చాలావరకు స్థిరపడుతుంది. ఖర్బూజాలో అన్ని తరాలూ చేతితో పువ్వులు కట్టడం సామాన్యమైన పని కాదు కనుక, అక్కడ హైబ్రిడ్ కాని, ఏటా ఒకే తీరుగా వచ్చే సూటి రకంతోనే మొదలుపెట్టడం ఉత్తమం.

గింజ శుభ్రపరచడంలో ఖర్బూజాయే సులువు. గుజ్జు, పోగులు పోయేలా కడిగి, నీటిలో మునిగిన గింజలను నీడలో ఆరబెడితే చాలు. టమాటా గింజ చుట్టూ ఉండే జిగురులో మొలకను అడ్డగించే పదార్థం ఉండడం వల్ల, రసంతో సహా ఒక గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి, పైన తెల్లని పొర కట్టగానే కడగాలి. ఇంకా ఆలస్యమైతే గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. వాటిని పింగాణీ పళ్లెంలో ఆరబెట్టాలి, కాగితానికైతే అతుక్కుపోతాయి. బాగా ఎండిన ఖర్బూజా గింజ వంచితే పుటుక్కున విరుగుతుంది. రెండూ చల్లని, తేమ లేని చోట అయిదేళ్లయినా నిలుస్తాయి. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయువు సుమారు రెట్టింపవుతుందని విత్తన నిపుణుల లెక్క.

విత్తన సేకరణను కొత్తగా చేపట్టేవారికి నేను టమాటానే సూచిస్తాను. ఒక్క మొక్కతోనే రకం నిలుస్తుంది, ఆరేడు రకాలు ఒకే మడిలో సర్దవచ్చు, పొరపాటు చేసినా నష్టం స్వల్పం. ఖర్బూజా కూడా కావాలనుకుంటే, ఏడాదికి ఒక్క రకం మాత్రమే నాటి, పసుపు దోసను ఆ సీజనుకు పక్కన పెట్టి, కనీసం మూడు నాలుగు తీగలు పెంచాలి. గింజలు అయిదేళ్లు నిలుస్తాయి కాబట్టి ఈ ఏడు ఒక రకం, వచ్చే ఏడు మరో రకం చొప్పున వంతులవారీగా అయిదు రకాల వరకు కాపాడుకోవడానికి అదే పెరడు సరిపోతుంది.