లాడ్జి గోడ మీద 12 యూ ర్యాక్: నాలుగేళ్లు దాటిన వాడకం

గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో మా బాబాయికి చిన్న లాడ్జి ఉంది. అక్కడి వైఫై, కెమెరాలు, కింద హాల్లో మైకు సెట్టు, ఇవన్నీ చూసే పని నాది. 2021 సంక్రాంతి దాటాక, యాత్రికులు ఇంకా పూర్తిగా రాని రోజుల్లో, రిసెప్షన్ బల్ల కింద చిందరవందరగా పడి ఉన్న పెట్టెలన్నిటినీ ఒక గోడ ర్యాక్‌లోకి, అంటే ఇలాంటి పరికరాల్ని ఒకదాని కింద ఒకటి బిగించుకునే ఇనుప పెట్టెలోకి, ఎక్కించాం. అప్పటి నుంచి అది రాత్రీ పగలూ నడుస్తోంది. దాన్ని చూసి, తామూ పెట్టించుకోవాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ‘ఎన్ని యూ తీసుకోవాలి?’ అని. నన్నడిగితే అది చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి రెండు: పెట్టె లోతు ఎంత, దాన్ని మోసే గోడ ఏది.

యూ అనేది ఎత్తు కొలత. ఒక యూ అంటే 44.45 మి.మీ., అంటే ఒకటీ ముప్పావు అంగుళం. పరికరం ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఈ రెండూ అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి ఎవరి నెట్‌వర్క్ స్విచ్ అయినా ఎవరి ర్యాక్‌లో అయినా పడుతుంది. లోతుకు మాత్రం అలాంటి కట్టుబాటు లేదు. స్విచ్ ఒక లోతు, ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) ఒక లోతు, యాంప్లిఫయర్ ఇంకో లోతు. షాపువాళ్లు 450, 500, 550, 600 మి.మీ. అని చెప్పే అంకె పెట్టె బయటి కొలత. లోపల స్క్రూలు బిగించే ముందు పట్టీలు అద్దం తలుపుకు రెండంగుళాలు వెనక్కి ఉంటాయి. వెనక ప్లగ్గులకూ, వైర్లు మరీ మడత పడకుండా వంగడానికీ ఇంకో మూడంగుళాలు వదలాలి. అలా లెక్క తీస్తే 450 పెట్టెలో పరికరానికి మిగిలేది 325 మి.మీ. దాకా. మామూలు స్విచ్‌కి అది చాలు. మా యాంప్లిఫయర్ వెనక స్పీకర్ టెర్మినళ్లతో కలిపి 360 దాటుతుంది. అందుకే 550 తీసుకున్నాం.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాం. తిరుపతిలోనూ దొరుకుతాయి కానీ, ఆ రోజుల్లో ఇక్కడ ఎక్కువగా చూసినవి తక్కువ లోతువే. పార్సిల్‌లో వేసే ముందు అద్దం తలుపు ఊడదీసి, విడిగా థర్మాకోల్ మధ్య కట్టించాను. టఫెన్డ్ గ్లాసు మీద మోదితే తట్టుకుంటుంది కానీ అంచుకో మూలకో గట్టి దెబ్బ తగిలితే ఒక్కసారిగా పొడి పొడి అయిపోతుంది. లారీలో తగిలేవి ఎక్కువగా మూల దెబ్బలే.

ఇక గోడ. అనుకున్న చోటు రిసెప్షన్ వెనక, అందంగా, ఎదురుగా. మా మేస్త్రీ వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూశాడు.

‘‘సామీ, ఇది నాలుగున్నర గోడ. అవతల బాత్రూము. ఇక్కడొద్దు.’’

‘‘మరి ఎక్కడన్నా?’’

‘‘మెట్ల పక్కన తొమ్మిదించి గోడుంది చూడు, పాత ఎర్ర ఇటుక. ఏనుగును కట్టేసినా కదలదు.’’

ఏనుగు సంగతేమో కానీ లెక్క మాత్రం చూసుకున్నాను. మా ర్యాక్, లోపలి సామాను కలిపి దాదాపు యాభై కిలోలు. గోడ బోల్టులు యాభై కిలోల్ని కిందికి మోయడం పెద్ద విషయం కాదు. చిక్కంతా ఆ బరువు గోడకు ఎంత దూరంలో ఉందన్నదానితో వస్తుంది. నీళ్ల బిందె చంకలో ఉంటే మోస్తాం, అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే భుజం పోతుంది. పెట్టె బరువు సగటున గోడకు 27 సెం.మీ. దూరంలో ఉందనుకోండి. పెట్టె కింది అంచు నుంచి పై బోల్టులకు 55 సెం.మీ. ఎత్తు. అప్పుడు పై రెండు బోల్టుల్ని గోడలోంచి బయటికి లాగే బలం పాతిక కిలోల దాకా వస్తుంది. లోతు పెంచే కొద్దీ ఈ లాగుడూ పెరుగుతుంది. గట్టి ఇటుకలో దిగిన 10 మి.మీ. యాంకర్ బోల్టుకు ఇది లెక్కలోకి రాదు. కానీ అంగుళం మందం ప్లాస్టరింగ్‌లోనో, బోలు సిమెంటు ఇటుకలోనో బిగిస్తే ఒకరోజు ఎవరో తలుపు మీద చెయ్యి ఆనించగానే ఊడొచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే బోల్టు పొడవు కొనేటప్పుడు ప్లాస్టరింగ్ మందాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఇటుకలోకి దిగిన భాగమే పని చేస్తుంది. రంధ్రం వేశాక లోపలి దుమ్మంతా ఊదేసి బోల్టు పెట్టాలి, లేకపోతే అది పట్టకుండా తిరుగుతూనే ఉంటుంది. రెండు ఇటుకల మధ్య సిమెంటు గీతలో కాకుండా ఇటుక నడిమధ్యన పడేలా చూడాలి. మా మేస్త్రీ దీనికోసం ఒకచోట చిన్న ముక్క ప్లాస్టరింగ్ కొట్టి వరస చూసుకుని, తర్వాత మార్కింగ్ పెట్టాడు.

మాది రెండు భాగాల పెట్టె. వెనక భాగం గోడకు ఉండిపోతుంది, ముందు భాగం కీళ్ల మీద పక్కకు తెరుచుకుంటుంది. మామూలు దానికన్నా ధర ఎక్కువే, అయినా యాంప్లిఫయర్ ఉన్నవాళ్లు ఇదే తీసుకోవాలంటాను. స్పీకర్ వైర్లన్నీ వెనకే ఉంటాయి, హాల్లో సీమంతమో నామకరణమో జరుగుతుండగా ఒక స్పీకరు మూగబోతే వెనక చెయ్యి పెట్టక తప్పదు. పక్క ప్యానెల్ తీసి, అద్దంలో చూస్తూ, తడుముకుంటూ చేసే పని కాదది. అయితే దీంతో రెండు తంటాలున్నాయి. తెరిచినప్పుడు బరువంతా గోడకు ఇంకా దూరం జరుగుతుంది, పైగా దాదాపు మొత్తం కీలు పక్క బోల్టుల మీదే పడుతుంది. అందుకని ఆ పక్కన రెండు బోల్టులు ఎక్కువ వేయించాం. రెండోది, వచ్చే వైర్లన్నిటికీ అడుగున్నర చొప్పున అదనపు పొడవు కీలు పక్కనే చుట్ట పెట్టి వదలాలి, లేకపోతే పెట్టె తెరుచుకోదు.

నాలుగేళ్లలో నాకు బాగా విసుగు తెప్పించింది ఈ కీళ్లే. రెండో ఏడు నుంచి ముందు భాగం కాస్త కిందికి జారింది. ఇప్పుడు మూసేటప్పుడు రెండు చేతులతో కొంచెం పైకెత్తితే తప్ప గడియ పడదు. కంపెనీ పేరు చెప్పను కానీ, కొనేటప్పుడు ఖాళీ పెట్టెను తెరిచి ముందు అంచును పైకీ కిందికీ ఊపి చూడండి. అప్పుడే లటలటలాడితే వదిలేయండి. రెండు కీళ్లున్న దానికన్నా నిలువునా పొడుగు కీలు ఉన్నది మేలు.

ట్రేల సంగతి చాలామంది పట్టించుకోరు. ముందు పట్టీలకు మాత్రమే బిగించే ట్రే మీద పది కిలోల ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్ పెడితే కొన్నాళ్లకు దాని వెనక అంచు కిందికి వాలుతుంది. నాలుగు మూలలా బిగించే ట్రేనే కొనాలి. దానికి పెట్టెలో వెనక పట్టీలు కూడా ఉండాలి, అవి అన్నిటితో రావు, అడిగి తీసుకోవాలి. మా పెట్టెలో పీడీయూ (ప్లగ్గులు పెట్టే పవర్ పట్టీ), నెట్‌వర్క్ వైర్లు వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్, వైర్లను సర్దే కేబుల్ మేనేజర్, స్విచ్ తలా ఒక యూ తీసుకుంటాయి. ఓఎన్‌టీ (ఇంటర్నెట్ ఫైబర్ వచ్చి చేరే డబ్బా), రౌటర్ ఉన్న ట్రే రెండు యూలు, ఎన్‌వీఆర్ ట్రే రెండు, యాంప్లిఫయర్ మూడు. పన్నెండులో ఒకటే మిగిలింది, మూడో అంతస్తుకు కెమెరాలు పెంచినప్పుడు రెండో స్విచ్ అందులో కూర్చుంది. పరికరాల స్క్రూలు పట్టడానికి పట్టీల కంతల్లో ఇరికించే కేజ్ నట్లు ఎం6 సైజువి, ఒక ప్యాకెట్ ఎక్కువే కొనండి. వేళ్లతో నొక్కి పెట్టే ప్రయత్నం చేస్తే గోళ్లు లేచిపోతాయి.

వేడి గురించి చెప్పాలంటే మే నెల చెప్పాలి. గంగజాతర రోజుల్లో తిరుపతి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బయట 40 డిగ్రీలుంటే మెట్ల పక్క మూలలో, అద్దం తలుపు వెనక, పీఓఈ స్విచ్ పక్కన ఎంత ఉంటుందో ఊహించుకోండి. పీఓఈ స్విచ్ కెమెరాలకు కరెంటు కూడా తనే పంపుతుంది. పాత ప్రమాణంలో ఒక పోర్టుకు 15.4 వాట్ల దాకా, దాని తర్వాతి దాంట్లో 30 వాట్ల దాకా. ఆ పనిలో కొంత వేడి పెట్టెలోనే మిగులుతుంది. ఎన్‌వీఆర్‌లోని హార్డ్‌డిస్క్‌కు అసలు శత్రువు ఇదే. మేం యాంప్లిఫయర్‌ను అన్నిటికన్నా పైన, ఫ్యాన్ల కిందే పెట్టాం. దాని వేడి వేరేవాటిని తాకకుండా నేరుగా బయటికి పోతుంది. బరువైనది పైన పెడితే ఊడిపోదా అని బాబాయి అడిగాడు. నేల మీద నిలబెట్టే ర్యాక్ అయితే ఆ భయం నిజమే, పైబరువుకు ఒరుగుతుంది. గోడకు బిగించినదానికి ఎత్తుతో పని లేదు, గోడ నుంచి ఎంత దూరమన్నదే లెక్క.

పెట్టెతో వచ్చిన ఫ్యాన్లు ఏడాదిన్నరకే గరగరమన్నాయి. నైట్ డ్యూటీ కుర్రాడు ఆ శబ్దానికి నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేశాడు. డ్యూటీలో నిద్రేమిటని బాబాయి అడగలేదు, నేనూ అడగలేదు. బాల్ బేరింగ్ ఉన్న నాలుగంగుళాల ఫ్యాన్లు వేశాక మళ్లీ ఆ గొడవ రాలేదు. ఫ్యాన్లు గాలి బయటికి తోస్తుంటే సందుల్లోంచి దుమ్ము లోపలికి వస్తుంది. కింద గాలి వచ్చే చోట స్పాంజి ఫిల్టరు పెట్టి, అప్పుడప్పుడూ కడిగి ఆరబెడుతున్నాం. వైర్లు వచ్చే కంతల చుట్టూ కూడా స్పాంజి కుక్కడం తప్పనిసరి. దుమ్ము ఒక్కదాని కోసమే కాదు, బల్లుల కోసం. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి మహా ఇష్టం. పవర్ సప్లై లోపల బల్లి పడితే అదీ పోతుంది, పరికరమూ పోతుంది.

యూపీఎస్ మాత్రం లోపల పెట్టలేదు. ర్యాక్‌లో పట్టే యూపీఎస్‌లు చాలావరకు లోతైనవి, పైగా బ్యాటరీల బరువు గోడ మీద వేయడం నాకిష్టం లేదు. ర్యాక్ కిందే మోకాలెత్తు రాతి బండ వేయించి దాని మీద మామూలు నిలువు యూపీఎస్ పెట్టాం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో వాగులు పారిన సంగతి అందరికీ తెలిసిందే. మా కింది అంతస్తులోకీ నీళ్లొచ్చాయి. బండ కన్నా జానెడు కిందే ఆగాయి. ఆ వారం పక్క వీధుల్లోవాళ్లు తడిసిన పెట్టెలు ఎండబెట్టుకుంటుంటే మా కెమెరాలు ఆగలేదు.

ఎర్తింగ్ విషయంలో కక్కుర్తి పడొద్దు. పెట్టెకు వెనక ఎర్త్ స్టడ్ ఉంటుంది, దాన్ని మందమైన పచ్చ వైరుతో బిల్డింగ్ ఎర్త్‌కు కలపాలి. తలుపుకూ వేరే వైరు ముక్క కావాలి, ఎందుకంటే కీళ్ల మీద పెయింటు ఉంటే అక్కడ కరెంటు సరిగా పారదు. హాల్లో స్పీకర్లు మొదట్లో ‘గూ’ మని మోగేవి. మిక్సర్‌ను హాల్లోని బోర్డుకు, యాంప్లిఫయర్‌ను ర్యాక్‌కు పెట్టడం వల్ల రెండు చోట్ల ఎర్త్ అయి ఆ హమ్మింగ్ వచ్చింది. మిక్సర్‌కూ ర్యాక్ పీడీయూ నుంచే ఒక లైను లాగాక పోయింది. స్పీకర్లది 100 వోల్టుల లైన్ కాబట్టి దాన్నీ కరెంటు వైర్లనూ పెట్టెలో ఎడమ పక్కన, క్యాట్ 6 నెట్‌వర్క్ వైర్లను కుడి పక్కన దించాం. వైర్లు కట్టడానికి ప్లాస్టిక్ టైలు బిగించకుండా వెల్క్రో వాడాం. కొత్త వైరు కలిపిన ప్రతిసారీ కత్తెర పట్టుకునే పని లేదు.

పోయినేడు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా బావ కొత్తిల్లు కట్టుకున్నాడు. అక్కడ గోడలన్నీ ఏఏసీ బ్లాకులవి, తేలిక ఇటుకలు. వాటిలో మామూలు యాంకర్ బోల్టు బిగిస్తే బ్లాకు పొడి రాలుతుంది తప్ప పట్టు దొరకదు. బావకు కావాల్సింది ఒక స్విచ్, రౌటర్, చిన్న ఎన్‌వీఆర్ మాత్రమే. అందుకని లోతు తక్కువున్న 6 యూ పెట్టె తీసుకుని, గోడకు ఇటు నుంచి అటు దాకా కంతలు వేయించి, అవతల గదిలో ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించాం. ఆ పట్టీ అక్కయ్య బట్టల బీరువా వెనక ఉంది కాబట్టి ఎవరికీ కనపడదు. ఇంత చిన్నదానికి రెండు భాగాల పెట్టె దండగ. పక్క ప్యానెళ్లు ఊడదీయడానికి రెండు వైపులా ఒక్కో అడుగు జాగా వదిలితే చాలు.