మైపాడులో పొడవాటి రాత్రి

"పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దు కూడా ఉండదు" అని మా అమ్మ ఏటా అనేదే. 2025లో డిసెంబరు 21 ఆదివారం పడింది, అమావాస్య వెళ్లిన మర్నాడే. ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి, దానికి తోడు వెన్నెల లేని రాత్రి. హైదరాబాదు నుంచి ఎటూ వచ్చున్నాను కదా, సముద్రం ఒడ్డున చీకటి చూద్దాం రామ్మా అన్నాను.

"చీకటి చూడ్డానికి డబ్బులు పెట్టి పోవాలా నాయనా?" అంటూనే శాలువా, ఫ్లాస్కు సర్దింది.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లలోపే. బస్సులున్నాయి, కానీ అమ్మ మోకాళ్ల సంగతి తెలిసి ఆటో మాట్లాడాను. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకిరువైపులా నాట్లు పడిన మళ్లు. సూర్యుడు పావు తక్కువ ఆరింటికే దిగిపోయాడు. పడమట గోరంత విదియ చంద్రుడు కాసేపు కనిపించి, ఏడింటికల్లా అతనూ వెళ్లిపోయాడు.

బస గురించి చెప్పాలి. ఒడ్డుకు దగ్గర్లో ఒక చిన్న రిసార్టు, పేరు ఎందుకులెండి. గది శుభ్రం, దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు అడగ్గానే బక్కెట్లో తెచ్చిచ్చారు. చేపల పులుసులో మామిడికాయ లేదు గానీ, పులుపూ కారమూ నెల్లూరు వాళ్లు చేసినట్టే ఉన్నాయి. అంతా బాగుందనుకునేలోపు ప్రహరీ మీద రెండు ఫ్లడ్‌లైట్లు వెలిగాయి, సరిగ్గా సముద్రం వైపు. ఇసుకంతా పెళ్లిపందిరిలా తెల్లబడింది. కాసేపు ఆర్పమని కుర్రాణ్ణి అడిగితే నన్ను వింతగా చూశాడు. "లైట్ల కోసమే జనం వస్తారు సార్. ఆపితే ఓనరు ఊరుకోడు."

సరే, మేమే లైట్ల నుంచి పారిపోయాం. ఉత్తరంగా ఒడ్డు వెంట, అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచాం. ఫోను తియ్యొద్దని ముందే ఒప్పందం. కళ్లు చీకటికి అలవాటు పడ్డానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది, మధ్యలో ఒక్కసారి స్క్రీను చూశామా, మళ్లీ మొదటికొస్తుంది. ముందు అలల చప్పుడొక్కటే. తర్వాత నురగ కనిపించింది. ఆ తర్వాత పక్కనే బోర్లించిన పడవ, దాని మీద ఆరేసిన వల, వల అంచున బరువుకు కట్టిన గుళ్లు. దక్షిణాన కృష్ణపట్నం పోర్టు వైపు ఆకాశం ఎర్రగా ఉంది, అది తప్ప అన్ని వైపులా నలుపే.

అమ్మ తలెత్తి "అదిగో పిల్లలకోడి" అంది, కృత్తికల గుంపును చూపిస్తూ. తూర్పున గొల్లకావడి, అంటే ఓరియన్ మూడు చుక్కలు, సముద్రంలోంచి పైకొస్తూ ఉంది. దానికి ఎడమగా, నీళ్లకు కాస్త పైన గురుడు. మా చిన్నప్పుడు డాబా మీద ఇవన్నీ చూపించింది అమ్మే. ఇప్పుడు నెల్లూరు మూలాపేటలో మా డాబా మీద నిలబడితే గురుడొక్కడే దిక్కు.

రాత్రి 8.33కి సూర్యుడు దక్షిణపు కొసకు చేరాడని లెక్క. ఆ నిమిషంలో ఏమీ జరగలేదు. ఇంకో అల వచ్చింది, అంతే.

"ఉత్తరాయణం సంక్రాంతికి కదరా?" అంది అమ్మ. ఆకాశంలో సూర్యుడు ఈ రాత్రే మళ్లుతున్నాడనీ, మన లెక్క నక్షత్రాలను బట్టి కాబట్టి సుమారు డెబ్బై ఏళ్లకో రోజు చొప్పున జరిగి జనవరి మధ్యకు వచ్చిందనీ చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. మన ఏడాది దేవతలకు ఒక రోజు, దక్షిణాయనం వాళ్లకు రాత్రి, ధనుర్మాసం తెల్లవారుజాము. "వాళ్లకింకా తెల్లారలేదు, నువ్వు తొందరపడబాక" అంది.

నాలుగున్నరకు లేచాం. అమ్మ వేగుచుక్క కోసం తూర్పంతా వెతికింది. శుక్రుడు ఆ రోజుల్లో సూర్యుడి చాటుకు పోతున్నాడు, ఎక్కణ్ణుంచి కనిపిస్తాడు? ఆరున్నరకు పొద్దు పొడవాలి. నీళ్ల మీద గోడలా మబ్బు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా, మా ఎదురుగా కాక బాగా కుడిపక్కన, మబ్బు పైఅంచు మీద నారింజ గీతలా తేలాడు. ఎదురుచూసినంత సేపు బాగుంది. వచ్చింది మాత్రం అరకొరే.

ఇంకో చిక్కుంది. మర్నాటి నుంచి ముందుగా తెల్లారుతుందనుకునేరు. సాయంత్రాలు అప్పటికే సాగుతుంటాయి, ఉదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. వెలుగు సాయంత్రం వైపు నుంచి వస్తుందన్నమాట.

రెండు రోజుల తర్వాత తెల్లవారకముందే నెల్లూరు రంగనాయకుల గుడికి వెళ్లాం. నన్నడిగితే మైపాడు కన్నా ఇదే నయం. వీధిలో ఆడవాళ్లు వంగి ముగ్గు పిండి వేళ్ల సందున జారవిడుస్తున్నారు, గాలిగోపురం ఇంకా నల్లటి ఆకారమే. లోపల తిరుప్పావై ఎనిమిదో పాశురం, తూర్పు తెల్లబడింది లెమ్మని చెలిని పిలిచేది. బయట చూస్తే తూర్పు ఇంకా నల్లగానే ఉంది. దొన్నెలో కట్టెపొంగలి పెట్టారు, చెయ్యి కాలేంత వేడి, మిరియాలు కాస్త ఎక్కువ.

చీకటి కోసం మళ్లీ మైపాడు వెళ్తాను, కానీ ఆ రిసార్టుకు కాదు. అమ్మకు బిల్లు చూపిస్తే ఒకటే అడిగింది.

"ఆ లైట్లక్కూడా కలిపి తీసుకున్నాడా?"