పేగు కడుక్కునే బెలూన్ కిట్: మూడేళ్లు వాడాక

మలద్వారం నుంచి గోరువెచ్చటి నీళ్లు ఎక్కించి పెద్దపేగు కింది భాగాన్ని ఖాళీ చేసే కిట్ ఇది. నీళ్ల సంచి, గొట్టాలు, చేతి పంపు, ఒక్కసారి వాడి పారేసే బెలూన్ కాథెటర్ (లోపల ఉబ్బి నిలిచే బెలూన్ ఉన్న సన్నని గొట్టం) ఉంటాయి. వెన్నుపాము దెబ్బ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాల పొర దెబ్బతినే జబ్బు), స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోకపోవడం) ఉన్నవాళ్లను మలబద్ధకం, తెలియకుండా మోషన్ అయిపోవడం రెండూ ఒకేసారి పీడిస్తాయి. సపోజిటరీలు (మలద్వారంలో పెట్టే మందు బిళ్లలు), వేలితో తీయడం సరిపోనప్పుడు ఈ పద్ధతి చెబుతారు. 2006లో వెన్నుపాము దెబ్బ తిన్న 87 మందితో జరిగిన యూరప్ అధ్యయనంలో మామూలు పద్ధతుల కన్నా దీనితోనే రెండు బాధలూ ఎక్కువగా తగ్గాయి. మూడేళ్లుగా రోజు మార్చి రోజు వాడిన మీదట నేనూ అదే చెబుతాను. కాకపోతే బెలూన్ దగ్గర చెయ్యి తిరిగేదాకా ఓపిక పట్టాలి.

నీళ్లు పక్కల నుంచి కారగానే అందరూ చేసే పని బెలూన్‌కి ఇంకో రెండు పంపులు కొట్టడం. చాలాసార్లు పని చెడేది అక్కడే. దెబ్బ వెన్నుపాము పైభాగంలో ఉంటే పేగు తనంతట తానే బిగుసుకునే కింది రిఫ్లెక్స్ బతికే ఉంటుంది. బెలూన్ ఉబ్బి పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) గోడను ఒత్తగానే అది మోషన్ అనుకుని పేగు బిగుసుకుంటుంది, కాథెటర్‌ని బయటికి తోసేస్తుంది. అలాంటివాళ్లు ఒక పంపు తగ్గించి, నెమ్మదిగా ఉబ్బించి, కాసేపు ఆగి నీళ్లు వదలాలి. దెబ్బ వెన్నెముక అడుగుభాగంలో ఉంటే సంగతి తిరగబడుతుంది. మలద్వారం కండరం వదులుగా ఉంటుంది కాబట్టి బెలూన్ జారిపోతుంది, కాస్త ఎక్కువే ఉబ్బించాలి. ఎవరైనా సరే, ఆ కిట్‌కి చెప్పిన గరిష్ఠ పంపులు దాటకూడదు.

కాథెటర్ ప్యాకెట్‌లో నీళ్లు పోసి 30 సెకన్లు ఆగితే పైపూత నున్నగా జారుతుంది. వేలికి తగిలితే సబ్బు రాసినట్టుండాలి. తొందరపడి గరగరగా ఉన్నప్పుడే పెడితే లోపలి పొర గీసుకుని రక్తం కనిపిస్తుంది. తడిపి చాలాసేపు వదిలేసినా పూత ఆరిపోతుంది. నీళ్ల వేడి 36 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. స్పర్శ లేని చేతిని నమ్మకుండా థర్మామీటర్ పెట్టండి. సంచి ముందే నింపి పెడితే చల్లారి కడుపు పట్టేస్తుంది.

భోజనమయ్యాక అరగంటకు మొదలుపెడితే పేగు తనంతట తానే కదులుతూ ఉంటుంది. ముందు గ్లవ్స్ వేసుకుని వేలితో చూసి, గట్టి ఉండ ఏదైనా అడ్డుంటే తీసేయాలి. లేకపోతే నీళ్లు ఎక్కవు. పెద్దవాళ్లకు మొత్తం 500 నుంచి 1000 మి.లీ., నిమిషానికి 200 నుంచి 300 మి.లీ. చొప్పున. మీ కొలత నర్సు పక్కనుండి తేల్చాలి. నొప్పి వస్తే వేగం తగ్గించండి. నీళ్లు ఎక్కాక బెలూన్‌లో గాలి తీసేస్తే కాథెటర్ జారి వస్తుంది. ముందుకు వంగి, కడుపును కుడి కింది నుంచి పైకి, అడ్డంగా, ఎడమ పక్క కిందికి నిమరాలి. కమోడ్ మీద మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది.

ఎక్కిన నీళ్లు తిరిగి రాకపోతే రెండో సంచి ఎక్కించకండి. రోజంతా నీళ్లు తక్కువ తాగి ఉంటే పేగే వాటిని పీల్చేసుకుంటుంది. పైన మోషన్ గట్టిపడి ఉన్నా ఇలాగే అవుతుంది. తర్వాత గంటకో రెండు గంటలకో బట్టలు తడిస్తే మరో పది నిమిషాలు కూర్చోవడం, కొలత కొంచెం తగ్గించడం పనిచేస్తాయి. మొదటి రోజే విరేచనాల మందు మానేయడం పెద్ద పొరపాటు. లయ కుదరడానికి వారాలు పడుతుంది, ఆ తర్వాతే డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించాలి.

వెన్నుపాముకు టీ6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస స్థాయి) దగ్గర లేదా ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకు మధ్యలో తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు వస్తే బీపీ పెరిగిపోతున్నట్టే. వెంటనే ఆపి, గాలి తీసి, నిటారుగా కూర్చోబెట్టండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. పేగుకు చిల్లు పడడం చాలా అరుదు. అయినా ఆగని కడుపునొప్పి, ధారగా రక్తం, జ్వరం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. పేగు దారి ఇరుకైనవాళ్లు, పేగు క్యాన్సర్ ఉన్నవాళ్లు, పేగు వాపు జబ్బు ముదిరి ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లూ అంతే.

వేళ్లలో పట్టు లేనివాళ్లకు చేతి పంపు నిజంగా కష్టం. వాళ్లకు కరెంటు పంపు రకం నయం. కోన్ రకంలో (బెలూన్ బదులు శంకువు ఆకారపు మొన ఉండేది) బెలూన్ గొడవే లేదు గానీ, నీళ్లు ఎక్కినంతసేపూ దాన్ని చేత్తో అదిమి పట్టుకోవాలి. కొనేముందు ఆ రెండూ పట్టుకుని చూడండి.