జాగ్రత్త! కొత్త ఊరు వెళ్ళినప్పుడు రీల్స్ చూసి బేకరీకి పరిగెత్తకండి, మాకు జరిగింది చదవండి

అందరికీ నమస్తే. పోయిన వారం మేం వేరే సిటీ వెళ్ళాం, నేను, మా ఆయన, పిల్లలిద్దరు, అక్కడ ఉండే మా అక్క వాళ్ళింటికి. అక్కడ ఒక ఫేమస్ బేకరీలో కొన్న డబ్బా వల్ల ఒక రాత్రంతా నిద్ర లేకుండా పోయింది, ఇంకెవరికీ అలా జరక్కూడదనే ఇది టైప్ చేస్తున్నా. షాపు పేరు రాయట్లేదండి. ఇలాంటి షాపులు పెద్ద సిటీల్లో చాలానే ఉంటాయి, ఒక్క పేరు గుర్తుపెట్టుకుని ఇంకో చోట మోసపోయే కన్నా ఎలా గుర్తుపట్టాలో తెలుసుకుంటే మేలు కదా.

నేను ఇంట్లో పదేళ్ళ నుంచి బేకింగ్ చేస్తున్నా, నాకు తెలీని విషయం కాదు, అయినా దెబ్బతిన్నా. వెళ్ళడానికి నెల ముందు నుంచే రీల్స్ సేవ్ చేసి పెట్టుకున్నా. ప్రతి దాంట్లో అదే షాపు, అదే యాంగిల్, క్రోసాంట్‌ని (పొరలు పొరలుగా ఉండే వెన్న పఫ్ లాంటిది) మధ్యకి విరిచి లోపల క్రీమ్ జారుతున్నట్టు చూపించడం, ఇది తినకపోతే ఈ సిటీకి వచ్చి వేస్ట్ అనడం. అన్ని వీడియోలూ ఒకే వారంలో పడ్డాయని నాకు అప్పుడు తట్టలేదు. డబ్బులిచ్చి చేయించుకున్న ప్రమోషన్ అయితే అలా కట్టగట్టుకుని వస్తాయి, ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తే రెండు వీడియోల కింద పెయిడ్ అని చిన్న అక్షరాల్లో ఉంది కూడా.

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం, దాదాపు గంట సేపు క్యూలో నిలబడ్డాం. లోపలికి వెళ్ళగానే నాకు మొదట అనిపించింది ఏంటంటే అసలు వాసన రావట్లేదు. బేకరీ అంటే తలుపు తీయగానే వెన్న కాలిన వాసన ముఖానికి కొట్టాలి. అక్కడ ఏసీ చల్లదనం, ఏదో వెనిల్లా స్ప్రే లాంటి వాసన, అంతే. ఓవెన్ ఎక్కడా కనపడలేదు. పక్క తలుపు దగ్గర ఒక అబ్బాయి వ్యాన్‌లోంచి ప్లాస్టిక్ క్రేట్లు దింపుతున్నాడు, నేను కళ్ళారా చూశా, చూసి కూడా ఇంత దూరం వచ్చాం, ఇంత సేపు నిలబడ్డాం కదా అని డబ్బా కొనేశా. కౌంటర్ మీద ఒక బోర్డు, ఇక్కడే ఫైవ్ స్టార్ రివ్యూ పెడితే కుకీ ఫ్రీ అని. రేటింగ్ అంత ఎక్కువ ఎలా ఉందో అప్పుడు అర్థమైంది. ఇవి ఎప్పుడు చేశారమ్మా అని కౌంటర్ అమ్మాయిని అడిగితే అన్నీ ఫ్రెష్ మేడమ్ అంది. నేను అడిగింది టైమ్, తను చెప్పింది ఆ ఒక్క మాట.

పన్నెండు పీసులు తీసుకున్నాం, ఆరు క్రోసాంట్లు, నాలుగు ఎక్లేర్లు (చాక్లెట్ బిళ్ళలు కాదండి, లోపల క్రీమ్ నింపి పైన చాక్లెట్ పూసే పొడుగాటి పేస్ట్రీలు), రెండు ఫ్రూట్ టార్టులు. అక్క ఇంటికి వెళ్ళి డబ్బా విప్పేసరికి క్రోసాంట్ల అడుగున కాగితం మీద పెద్ద నూనె మరక. ఒకటి తీసి విరిచాను, కరకరమని చప్పుడే లేదు, ప్లేట్‌లో ఒక్క పొర రాలలేదు, బన్నులా సాగింది. లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండాల్సింది పిండి ముద్దలా అతుక్కుపోయి ఉంది. తిన్నాక అంగిలికి మైనం పూసినట్టు జిడ్డు, వేడి టీ తాగితే గానీ పోలేదు.

ఆ జిడ్డు గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే వెన్నా కాదా అని నోటితోనే కనిపెట్టొచ్చు. అసలైన వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మన ఒంటి వేడి 37, అందుకే వెన్నతో చేసింది నోట్లో పెట్టగానే కరిగి గొంతులోకి జారిపోతుంది. పఫ్‌లకీ క్రోసాంట్లకీ వెన్నకి బదులు వాడే మార్జరిన్, వనస్పతి లాంటి కొవ్వులు అంత కన్నా ఎక్కువ వేడికి గానీ కరగవు, అందుకని అంగిలికి పొరలా అంటుకుంటాయి. ఈ కొవ్వులు చవకగా వస్తాయి, ఎండాకాలంలో కూడా పిండి మధ్య కరగకుండా నిలబడతాయి, అందుకే షాపుల వాళ్ళు వాడతారు. క్రోసాంట్ పిండిలో వెన్న పెట్టి మూడు మడతలుగా మూడు సార్లు మడిస్తే 27 వెన్న పొరలు వస్తాయి, మడతకీ మడతకీ మధ్య పిండిని చల్లబెట్టాలి, చాలా చోట్ల మొత్తం పని పూర్తవడానికి రెండు రోజులు పడుతుంది. అంత కష్టం పడ్డవాడు వెన్న దగ్గర పిసినారితనం చెయ్యడు. లేబుల్ ఉంటే హైడ్రోజనేటెడ్ (అంటే హైడ్రోజన్ కలిపి గట్టిపరిచిన నూనె) అనో వెజిటబుల్ ఫ్యాట్ అనో బటర్ ఫ్లేవర్ అనో ఉందేమో చూడండి. సగం హైడ్రోజనేట్ చేసిన నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు ఉంటుంది, గుండెకి అది ఎంత చేటంటే 2023 కల్లా ప్రపంచంలో ఎక్కడా తిండిలో లేకుండా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే పిలుపిచ్చింది.

సరే, క్రోసాంట్ బాలేకపోతే డబ్బులు పోయాయి అనుకుని వదిలేసేదాన్ని. ఎక్లేర్ల దగ్గరే అసలు గొడవ. పైన చాక్లెట్ మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు, అంటే ఫ్రిజ్‌లోంచి బయటికి, బయట నుంచి ఫ్రిజ్‌లోకి తిరిగినట్టుంది అనిపించింది. కొంచెం నాలిక మీద పెట్టుకుంటే క్రీమ్ పుల్లగా తగిలింది. ఆగండి ఎవరూ తినకండి అని నేను అరిచేలోపే అక్క కొడుకు ఒకటి మొత్తం తినేశాడు, ఆరేళ్ళ వాడు. మూడు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం, ఓఆర్ఎస్ పట్టించమన్నారు, రాత్రంతా చెంచా చెంచా పట్టిస్తూ కూర్చున్నాం, పొద్దునకి తేరుకున్నాడు. ఎక్లేర్ తిన్నది వాడొక్కడే, క్రోసాంట్ తిన్న మిగతా పిల్లలకి ఏమీ కాలేదు. టెస్టులేమీ చేయించలేదు, అయినా నా అనుమానం దాని మీదే.

దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. గుడ్లు, పాలు వేసి చేసిన క్రీమ్ 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్యలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి, అందుకే రెండు గంటల కన్నా ఎక్కువ బయట ఉంచొద్దంటారు, బాగా వేడిగా ఉన్న రోజు ఒక గంటే. స్టఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా అయితే విషం తయారు చేస్తుంది, ఆ విషం వేడి చేసినా పోదు, కాబట్టి అనుమానం వచ్చిన క్రీమ్ ఐటమ్‌ని ఓవెన్‌లో పెట్టేస్తే సరిపోతుందిలే అనుకోకండి, పారేయండి. ఇంకోటి, పాడైన ప్రతిదీ పుల్లగా తగలదు, రుచి బాగానే ఉన్నా లోపల పాడై ఉండొచ్చు. ఊరు తిరుగుతూ మధ్యలో క్రీమ్ పేస్ట్రీలు కొని మధ్యాహ్నమంతా బ్యాగులో మోసే వాళ్ళని చాలా మందిని చూశా, అలా చెయ్యకండి, రూమ్‌కి తిరిగి వెళ్ళే ముందు కొనుక్కోండి.

మర్నాడు షాపుకి ఫోన్ చేస్తే మీరే బయట పెట్టి ఉంటారు అన్నారు. డబ్బా మీద ఎప్పుడు చేశారో లేబుల్ లేదు, నేను నిరూపించడానికి ఏమీ లేదు. అందుకే కొనేటప్పుడే తయారైన తేదీ అడగండి, బిల్లు పారేయకండి, బిల్లు మీద టైమ్ ఉంటుంది.

ఇక మంచి షాపు ఎలా పట్టుకోవాలంటే, నేనైతే ఇప్పుడు మ్యాప్‌లో రేటింగ్ చూడటం మానేశా. రివ్యూలు కొత్తవి పైకి వచ్చేలా పెట్టి మూడు స్టార్లు ఇచ్చిన వాళ్ళవి చదువుతా, వాళ్ళు మంచీ చెడూ రెండూ రాస్తారు. షాపు వాళ్ళు పెట్టిన ఫొటోలు వదిలేసి కస్టమర్లు తీసినవి, అందులోనూ కోసి లోపల చూపించినవి వెతుకుతా. షాపుకి వెళ్ళాక ఒకటే ప్రశ్న, ఓవెన్‌లోంచి ఏ టైమ్‌కి బయటికి వస్తాయి? నిజంగా అక్కడ చేసేవాళ్ళు ఏడున్నరకి ఒక వాయి, పదకొండింటికి ఇంకో వాయి అని టక్కున చెప్తారు. చిన్న షాపులో అరవై రకాలు పెట్టారంటే ఎక్కడి నుంచో తెప్పిస్తున్నారని అనుమానించండి. ఓవెన్ కనపడినంత మాత్రాన కూడా నమ్మేయలేం, ఫ్రోజెన్‌వి తెచ్చి అక్కడ కాల్చేవాళ్ళు ఉన్నారు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో ఉంటే అదే అయ్యుండొచ్చు. వెన్న మంచిదైతే అది తప్పు కాదు గానీ చెప్పి అమ్మాలి. ఫ్రాన్స్‌లో అయితే 1998లో చట్టమే చేశారు, బ్రెడ్ పిండి కలపడం, పులియబెట్టడం, కాల్చడం అన్నీ అమ్మే చోటే జరగాలి, ఏ దశలోనూ ఫ్రీజ్ చెయ్యకూడదు, అలా అయితేనే బోర్డు మీద బులాంజెరీ (వాళ్ళ భాషలో బ్రెడ్ బేకరీ) అని రాసుకోనిస్తారు.

క్రీమ్ లేని మామూలు క్రోసాంట్లు చల్లటి కౌంటర్‌లో పెట్టి ఉంటే నేను కొనను. ఫ్రిజ్ చల్లదనంలో పిండి పదార్థం బయట కన్నా తొందరగా గట్టిపడి బిరుసెక్కుతుంది, బ్రెడ్‌కీ అంతే.

అన్నిటికన్నా ముఖ్యం, ఎంత క్యూ ఉన్నా ముందు ఒక్కటే కొని అక్కడే నిలబడి తినండి. నచ్చితే మళ్ళీ వెళ్ళి డబ్బా కట్టించుకోండి. వెళ్ళిపోయే రోజు పొద్దున్నే అక్క ఇంటి వెనక సందులో బోర్డు కూడా సరిగ్గా లేని ఒక చిన్న షాపుకి అలాగే వెళ్ళా. సందు మొదట్లోనే వెన్న వాసన, ట్రే ఇంకా వేడిగా ఉంది, ఒకటి కొరికితే చీర మీదంతా పొరలు రాలాయి. ఎన్ని ఉన్నాయి బాబాయ్ అంటే ఇంకా ఐదే మిగిలాయమ్మా, మళ్ళీ పదింటికే అన్నాడు. ఐదూ కట్టించుకుని వచ్చా.